పొడి మేస్త్రి తాగింది

మా బాబాయి ఒక గ్లాసెడు డీజిలు తాగి, మూతి తుడుచుకుని, ఏమీ జరగనట్టు మళ్ళీ పనిలోకి వెళ్ళిపోయాడని చెప్పుకుంటారు. గ్లాసెడంత అని మొదట చెప్పింది టాంకరు డ్రైవర్లు. ఆ మాట కూరగాయల బజారు చేరేసరికి గ్లాసు సీసా అయింది. బస్టాండు దాటేసరికి సీసా లీటరు డబ్బా అయింది. తాగాక కడుపు గుడగుడ కూడా అనలేదట. మర్నాడు ఆయన ఆవులిస్తే పక్కన వెలుగుతున్న కొవ్వొత్తి భగ్గుమందట. ఇది చెప్పినాయన కొవ్వొత్తి ఎంత పొడుగుందో కూడా చేత్తో చూపించాడు.

చెప్పుకుని నవ్వుకుంటే పోయేది. నమ్మి, దాని ప్రకారం నడుచుకోవడం మొదలుపెట్టారు. జుట్టు కత్తిరించే చోట బాబాయి కుర్చీలో కూర్చోగానే ఆ కొట్టాయన పక్క కుర్చీలో మనిషి చేత సిగరెట్టు ఆర్పించాడు. బస్సులో ఇంజను పక్క సీటు ఖాళీగా ఉంటే కండక్టరు అక్కడ వద్దని వెనక్కి పంపించాడు. ఎదురింటి ముసలాయన స్కూటరు కదలకపోతే మా తలుపు తట్టి, బాబాయిని ఒకసారి దాని పక్కన నిలబెట్టి చూస్తానన్నాడు.

"తీసుకెళ్ళండి, సాయంత్రానికి తిరిగిచ్చెయ్యండి. మైలేజీ ఎంతిస్తాడో మాత్రం నన్నడక్కండి," అంది మా పిన్ని.

తాగాడన్న ఆ రోజు నేనక్కడే ఉన్నాను. బాబాయి చేతిలో ఉన్న సీసా నేను శుభ్రం చేసిందే. కాబట్టి ఈ సంగతి మొదటినుంచీ చెప్పడానికి నాకంటే తగినవాళ్ళు లేరు, నాకు నలుగురిలో నోరు పెగలదన్న ఇబ్బంది ఒక్కటి తప్ప. అందుకే రాస్తున్నాను.

మేం పనిచేసే చోటికి డీజిలు టాంకర్లలో వస్తుంది, టాంకర్లలోనే పోతుంది. మధ్యలో అక్కడ జరిగేది ఒకటే పని, అందులో మిగిలిపోయిన గంధకాన్ని తీసెయ్యడం. వచ్చేటప్పుడు పది లక్షల పాళ్ళలో యాభయ్యో అరవయ్యో పాళ్ళుంటుంది. పోయేటప్పుడు పదికి మించకూడదు. మించితే దాని పొగ గాలిని పాడుచేస్తుంది, కొత్త బళ్ళలో పొగను శుభ్రం చెయ్యడానికి అమర్చే సామాను చెడగొడుతుంది. కొనేవాళ్ళు టాంకరును గేటు దగ్గరనుంచే తిప్పి పంపేస్తారు.

తీసే పద్ధతి చూడటానికి తేలికే. మనిషికి రెండింతల ఎత్తుండే ఇనప గొట్టం, దాని నిండా బూడిదరంగు గుళికలు, ఆవగింజ కంటే కాస్త పెద్దవి. కిందనుంచి డీజిలు ఎక్కిస్తే పైనుంచి శుభ్రమై వస్తుంది. వడపోత అనుకుంటారు అందరూ, నేనూ మొదట అలాగే అనుకున్నాను. కాదు. గంధకం డీజిల్లో కలిసిపోయి ఉంటుంది, ఏ గుడ్డా ఏ జల్లెడా దాన్ని ఆపలేవు. గుళికల ఒళ్ళంతా కంటికి కనపడని రంధ్రాలుంటాయి. గంధకం ఉన్న పదార్థాలు వెళ్ళి ఆ రంధ్రాల గోడలకు అతుక్కుపోతాయి, గొంగళికి పిల్లి బొచ్చు అతుక్కున్నట్టు. అన్నీ నిండిపోయాక గుళికలు తీసి వేడి చేస్తే అతుక్కున్నది వదిలిపోయి మళ్ళీ పనికొస్తాయి.

వాటికి పడనిది ఒక్కటే, నీళ్ళు. కాస్త తేమగాలి తగిలినా గంధకం కంటే ముందు నీళ్ళెళ్ళి ఆ రంధ్రాల్లో కూర్చుంటాయి, బస్సు రాకముందే కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు ఆపుకునే రకంలాగా. గంధకం వస్తుంది, చోటు లేదని చూసుకుని, డీజిల్‌తోపాటే బయటికి పోతుంది. అందుకని గుళికలను మూడు వందల డిగ్రీల పొయ్యిలో ఎండబెట్టి, గాలి తగలకుండా చల్లార్చి, గొట్టంలో కొంచెం కొంచెంగా పోస్తూ, చుట్టూ రబ్బరు సుత్తితో తడుతూ సర్దాలి. ఎక్కడైనా సందు మిగిలితే డీజిలు గుళికలను ముట్టుకోకుండా ఆ సందులోంచి దర్జాగా నడిచిపోతుంది. ఈ ఎండబెట్టడం, నింపడం ఇరవై రెండేళ్ళుగా మా బాబాయి పని. ఆయన్ని అందరూ పొడి మేస్త్రి అంటారు.

పొడిదనం ఆయనకు ఉద్యోగంతో మొదలై ఒంటికి పట్టింది. తన గది ముందు నేల మీద ఎర్రగీత గీశాడు. తలుపు మీద మూడు నియమాలు అంటించాడు. తల ఆరనివాళ్ళు గీత దాటకూడదు. టీ తాగి పది నిమిషాలు కానివాళ్ళు గీత దాటకూడదు. జలుబు చేసినవాళ్ళు గది వైపు చూడకూడదు. మూడోదాని గురించి ఎవరో అడిగితే, చూస్తే పలకరించబుద్ధేస్తుంది, పలకరిస్తే తుమ్ముతారు అని వివరం చెప్పాడు. లోపల మాట్లాడటం కూడా తగ్గించాడు, మాటలో తడి ఉంటుందట. గది గోడకు కిటికీలా ఒక గాజు అద్దం, అద్దం కింద చెయ్యి పట్టేంత సందు. చెప్పదలచింది చీటీ మీద రాసి ఆ సందులోంచి ఇవ్వాలి.

మేమంతా కలిసుండే ఇంట్లోనూ అంతే. పిన్ని గిన్నె మీద మూత తీస్తే ఆవిరి అని అవతలి గదిలోకి పోతాడు. స్నానం చేసి ఫ్యాను కింద అరగంట కూర్చుంటాడు, ఆరేసిన చొక్కాలాగా. ఒకసారి పిన్ని ఏదో బాధ గుర్తొచ్చి ఏడుస్తుంటే, పక్కన కూర్చుని ఓదార్చడానికి ముందు తన పనిచొక్కా విప్పి దూరంగా తగిలించి వచ్చాడట. "నాకు సవతి ఉందమ్మా. దానికి తడి పడదు, నాకు పడుతుంది, అంతే తేడా," అని పిన్ని ఇరుగుపొరుగుతో అంటూ ఉండేది.

నేను తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేశాను. అమ్మ మంచం పట్టింది, లేచేసరికి రెండేళ్ళు పట్టింది, ఈలోగా నా తోటివాళ్ళు చాలా దూరం వెళ్ళిపోయారు. ఊరికే ఇంట్లో కూర్చోవడమెందుకని బాబాయి తను పనిచేసే చోట అడిగి పని ఇప్పించాడు. అక్కడ ఖాళీగా ఉన్న పని ఒకటే, పరీక్షకు డీజిలు పట్టే గాజు సీసాలు కడగడం. అలా మా బాబాయి తన చేతులారా తెచ్చి పెట్టుకున్న అన్న కూతురు ఆ చోటంతటిలోకీ తడిసిన మనిషి అయి కూర్చుంది. పనివేళల్లో నాకు ఎర్రగీత దగ్గరికి రావడానికి కూడా వీల్లేదు. అద్దంలోంచి ఐదు వేళ్ళూ కలిపి నోటివైపు చూపిస్తే తిన్నావా అని. నేను తల ఊపేదాన్ని. ఎనిమిది గంటల్లో మా మధ్య సంభాషణ అదే.

అందరూ ఈ చాదస్తాన్ని సర్దుకుపోయారు, మేనేజరుగారు తప్ప. మేనేజరుగారు మంచివారే గానీ మాట్లాడితే ఎదుటివాళ్ళు మొహం తుడుచుకోవాలి. ప, ఫ, భ లాంటి అక్షరాలొస్తే ఒక అడుగు వెనక్కి వెయ్యాలి. అందరితో పాటు ఆయన కూడా చీటీ రాసి సందులోంచి ఇవ్వాలని బాబాయి మొదటి రోజే చెప్పాడు. తన కింద పనిచేసే మనిషికి తను చీటీ రాసుకోవడం ఆయనకు ఆరేళ్ళుగా ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

ఆ ముల్లు తీసే మందు ఒక రోజు నిగనిగలాడే బూట్లేసుకుని వచ్చింది. ముందే నింపి, సీలు వేసిన గొట్టాలు అమ్మే మనిషి. ఈ గొట్టాలు తెచ్చుకుంటే ఎండబెట్టే పనీ లేదు, తట్టే పనీ లేదు, మేస్త్రీ అక్కర్లేదు అన్నాడు. మేనేజరుగారి మొహం వెలిగిపోయింది. పొడి గదిని మీటింగు గది చేస్తామనీ, ఒక మూల వాష్‌బేసిన్ పెట్టిస్తామనీ, మేస్త్రి గేటు దగ్గర టాంకర్ల నంబర్లు రాసుకుంటాడనీ ఆ సాయంత్రమే చెప్పేశారు.

బాబాయికి గేటు అంటే ఎండా వానా. గది పోతే ఆయన ఏమవుతాడో మాలో ఎవరికీ ఊహకందలేదు. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని అన్నం వైపు చూస్తూ ఉండిపోయాడు. మర్నాడు చీటీ రాసి సందులోంచి బయటికి తోశాడు. "పోటీ పెట్టండి. వాళ్ళ గొట్టం ఒకటి, నాది ఒకటి. ఒకే డీజిలు. ఎవరిది ముందు పది దాటితే వాళ్ళు ఓడినట్టు. నేను ఓడితే గేటుకి పోతాను." మేనేజరుగారు ఒప్పుకున్నారు. ఐదు రోజులు, గంటకో నమూనా, ల్యాబు మేడం యంత్రంలో పెట్టి చూసి కాగితం మీద రాయాలి.

మొదటి రోజు రెండు గొట్టాలూ మూడు, నాలుగు చూపించాయి. రెండో రోజు రెండూ ఐదు దగ్గర తిరిగాయి. ఆ రోజు మధ్యాహ్నం బూట్లాయన బాబాయి తరఫు సీసా ఒకటి వెలుతురుకు పట్టి చూసి అందరినీ పిలిచాడు. సీసా మూలలో నీటి బొట్టు ఒకటి ఆరకుండా ఉండిపోయింది.

"పొడి మేస్త్రిగారి సీసాలో చెరువుందండీ," అన్నాడు.

అందరూ నవ్వారు. అద్దం వెనక బాబాయి మొహం నాకు కనిపించింది. ఆ సీసా ఆరబెట్టింది నేనే.

మూడో రోజు నేను అందరికంటే ముందు వెళ్ళాను. మామూలుగా సీసాలను సబ్బుతో రుద్ది, మూడుసార్లు నీళ్ళలో జాడించి, ఆరబెట్టాలి. వాళ్ళ గొట్టం సీసాలు అలాగే కడిగాను. బాబాయి సీసాలు మాత్రం సబ్బుపొడి చిక్కగా కలిపి, లోపలా బయటా అరిగిపోయేలా రుద్ది, నీళ్ళలో జాడించకుండా, మెత్తటి గుడ్డతో తుడిచి టీ కాచే పొయ్యి పక్కన పెట్టి ఆరబెట్టాను. సబ్బు కలిపిన తడి తప్ప ఒక్క చుక్క నీళ్ళు తగలనివ్వలేదు. తళతళ మెరిశాయి. నా చేత్తో నేను ఆయన గదిని కాపాడానని అనుకున్నాను.

మొదటి నమూనా ఇరవై ఏడు. రెండోది ముప్ఫై ఒకటి.

మేనేజరుగారు కుర్చీలోంచి లేచి రెండు చేతులూ రుద్దుకున్నారు. పది దాటడమేమిటి, మూడింతలు దాటింది, ఇక పోటీ అయిపోయిందన్నారు. బూట్లాయన తన సంచి సర్దుకోసాగాడు, గెలిచాక సంచి ఎందుకు సర్దుకుంటారో తెలీదు. బాబాయి గదిలోంచి బయటికి రాలేదు. అద్దం అవతల స్టూలు మీద కూర్చుని గొట్టం వైపు చూస్తున్నాడు, నమ్మిన మనిషి మోసం చేస్తే చూసినట్టు.

ల్యాబు మేడం మాత్రం కాగితం వదల్లేదు. నిండిపోయే గొట్టం మెట్లెక్కినట్టు ఎక్కుతుంది, ఐదు, ఆరు, ఎనిమిది, పన్నెండు అని. ఇదేమిటి కప్పలా ఎగిరింది అని తనలో తను అనుకుంది. ఆ మాట నేను విన్నాను. నా చేతిలో తరవాతి గంటకు ఇవ్వాల్సిన సీసా ఉంది. కిటికీ వైపు తిప్పి చూశాను. గాజు లోపలి వైపు పలచటి తెల్లటి పొర, ఊపిరి ఊదినట్టు ఉంది.

నీళ్ళ తొట్టినుంచి అద్దం దగ్గరికి పన్నెండడుగులు. ఆ పన్నెండడుగులు వెయ్యడానికి నాకు ముప్పావుగంట పట్టింది. నోటితో చెప్పే ధైర్యం లేదు. చేతులు తుడుచుకుని చీటీ రాశాను. "బాబాయ్, నీ సీసాలు ఈ రోజు జాడించలేదు. సబ్బుతో రుద్ది తుడిచాను." ఎర్రగీత మీద నిలబడి, చెయ్యి చాచి, సందులోకి తోశాను.

బాబాయి చదివాడు. ఇంకోసారి చదివాడు. పనిచొక్కా విప్పి కొక్కేనికి తగిలించి బయటికొచ్చాడు.

"జాడించొద్దని నీకెవరు చెప్పారమ్మడూ?"

"నువ్వే బాబాయ్. నీళ్ళే మన శత్రువన్నావుగా."

"గుళికలకి అన్నాను," అన్నాడు నెమ్మదిగా. తరవాత సీసాల వైపు చూసి, "వినేవాళ్ళకి అలా వినపడదులే. నీళ్ళు పట్రా," అన్నాడు.

పొడి మేస్త్రి నీళ్ళడిగాడు. డీజిలు ఎక్కించే పంపు దగ్గరున్నాయన ఆ మాట విని పంపు ఆపేశాడు. నేను చెంబుతో నీళ్ళు తెచ్చాను. బాబాయి ఇంకా డీజిలు పట్టని సీసా ఒకటి తీసుకుని, సగానికి నీళ్ళు పోసి, మూత పెట్టి ఊపాడు. నురగ సీసా మెడ దాకా లేచింది.

"సబ్బు," అన్నాడు మేనేజరుగారితో.

మేనేజరుగారు ఒప్పుకోలేదు. ఏ నీళ్ళు ఊపినా బుడగలొస్తాయనీ, కుళాయి నీళ్ళలో గాలి ఉంటుందనీ, ఓడిపోయిన వాళ్ళు ఇలాగే నీళ్ళూపుతారనీ ఆయన చెప్పిన మాటల్లో ప, బ, భ లు చాలా ఉన్నాయి. బాబాయి మొహం తుడుచుకున్నాడు. తరవాత సీసా మూత తీసి, ఒక గుక్క నోట్లో పోసుకున్నాడు.

రుచి చూసి ఉమ్మేద్దామనే అనుకున్నాడు. ఆ మాట తరవాత ఆయనే చెప్పాడు. కానీ ఉమ్మడానికి చోటు వెతికితే వెనక ఎర్రగీత ఉంది, తొందరలో వచ్చేయడంతో గది తలుపు వేలెడు తెరిచే ఉంది. ముందు మేనేజరుగారున్నారు. కుడిచేతి వైపు బూట్లాయన బూట్లు. ఇరవై రెండేళ్ళుగా పొడిగా ఉంచిన నేల మీద తన నోటితో తడి చెయ్యడం ఆయనకు చేతకాలేదు. చెంపలు ఉబ్బి, కళ్ళు పెద్దవై, గుటుక్కున మింగేశాడు.

"సబ్బే," అన్నాడు. పెదవి చివర చిన్న బుడగ ఒకటి ఉబ్బి, రంగులు తిరిగి, టప్‌మని పగిలింది.

సరిగ్గా అప్పుడే ఇద్దరు టాంకరు డ్రైవర్లు కాగితాల కోసం వచ్చి బయటి కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు. వాళ్ళకు కనిపించింది, పొడి మేస్త్రి డీజిలు నమూనా సీసా ఎత్తి మేనేజరుగారి ఎదురుగా గటగటా తాగడం. వినిపించింది ఏమీ లేదు.

మేడం సబ్బుపొడి డబ్బా తిప్పి వెనకాల రాసిన చిన్న అక్షరాలు చదివింది. నురగ కోసం అందులో కలిపేదానిలోనే గంధకం ఉంటుందట. మూడుసార్లు జాడించమనేది అందుకేనట. నాకు జాడించమని చెప్పారు గానీ ఎందుకో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. మేడం వేరే సీసా తీసి, తనే మూడుసార్లు కడిగి, ఆరబెట్టి, చివర ఆ గొట్టంలోంచి వచ్చే డీజిల్‌తోనే రెండుసార్లు జాడించి, మూడో గంట నమూనా పట్టింది. యంత్రం చూపించింది కాగితం మీద రాసి, కింద సంతకం పెట్టి, బాబాయి చేతికిచ్చింది. బాబాయి ఆ అంకె చూసి తన గదిలోకెళ్ళి తలుపేసుకున్నాడు. సబ్బునీళ్ళ ఎక్కిళ్ళు మాత్రం అద్దం బయటికి కూడా వినిపించాయి.

నాలుగో రోజు మధ్యాహ్నం బూట్లాయన గొట్టం పది దాటింది. బాబాయిది ఐదో రోజు సాయంత్రం వరకూ దాటలేదు. అయినా మేనేజరుగారు పోటీ చెల్లదన్నారు. మూడో రోజు రెండు నమూనాలు పాడయ్యాయి, పాడుచేసింది మేస్త్రి ఇంటి పిల్ల, ఇంటివాళ్ళు చెయ్యిపెట్టిన పోటీ పోటీ కాదు అన్నారు. వచ్చే నెల మొదటినుంచి గేటు అని కాగితం వచ్చింది.

ఇంట్లో నేను ఎవరి మొహం చూడలేకపోయాను. బాబాయి గొడుగు ఒకటి కొనుక్కొచ్చి, ముందుగదిలో దాన్ని తెరవడం, మూయడం అభ్యాసం చేశాడు. వాన ఎటునుంచి వస్తే ఎటు వంచాలో పిన్నిని అడిగాడు. ఎప్పుడూ దెప్పిపొడిచే పిన్ని, ఆ రోజు మాత్రం దగ్గరికెళ్ళి గొడుగు పట్టుకోవడం చూపించింది.

ఈలోగా డ్రైవర్ల కథ మాకంటే వేగంగా తిరుగుతోంది. బళ్ళ కంపెనీ ఒకటి, వందల బళ్ళున్నది, ఫోను చేసింది. మీ దగ్గర పనివాళ్ళు తాగేంత శుభ్రమైన డీజిలు ఉందటగా, చూడటానికి వస్తున్నాం అన్నారు. మేనేజరుగారు పరుగెత్తుకొచ్చి, చీటీ సంగతి మరిచిపోయి, అద్దానికి మొహం ఆనించి మాట్లాడారు. అద్దం మసకబారింది. ఆరేళ్ళలో మొదటిసారి మేస్త్రిగారూ అన్నారు.

"ఒక్క గుక్క మేస్త్రిగారూ. వాళ్ళ ముందు ఒక్క గుక్క. గది మీదే."

లోపలినుంచి చీటీ వచ్చింది. "డీజిలు విషం. నేను తాగింది సబ్బునీళ్ళు."

రంగునీళ్ళైనా పెట్టిస్తానన్నారు మేనేజరుగారు. వచ్చేవాళ్ళకి ముక్కుంటుంది కదా అని ఇంకో చీటీ వచ్చింది. అయితే గేటే అని ఆయన వెళ్ళిపోయారు. పిన్నికి సంగతి తెలిసి, "తాగారా, ఆసుపత్రినుంచి అటే పొండి, ఇంటికి రావద్దు. గేటు దగ్గర నిలబడితే నాకేం నామోషీ లేదు," అంది. ఆ రోజు కూరలో ఉప్పు ఎక్కువైనా బాబాయి రెండోసారి వడ్డించుకున్నాడు.

గురువారం వాళ్ళొచ్చారు. కంపెనీ పెద్దాయన, చేతికర్రతో. వెంట ఆయన అల్లుడు, మెడలో కెమెరాతో. బల్ల మీద మేనేజరుగారు గాజు గ్లాసులో డీజిలు పోసి, పైన సాసరు మూతపెట్టి ఉంచారు, ఈగలు పడకుండా. ఏ ఈగ పడుతుందో అందులో. బాబాయి చేతిలో మేడం సంతకం చేసిన కాగితం పట్టుకుని వచ్చాడు. తలుపు మూసి వచ్చాడు ఈసారి.

"అయ్యా, ఇది తాగితే మనిషి బతకడు. నేను తాగలేదు, తాగను. ఆ రోజు తాగింది సబ్బునీళ్ళు. మీరు చూడాల్సింది ఈ కాగితం," అన్నాడు. నేను విన్నంతలో ఆయన పనిచోట ఒక్కసారిగా మాట్లాడిన మాటల్లో అవే ఎక్కువ.

పెద్దాయన కాగితం అందుకోలేదు. బాబాయి మొహమే చూస్తున్నాడు.

"సబ్బునీళ్ళు ఎందుకు తాగావయ్యా?"

"మా అన్నయ్య కూతురు సీసాలు జాడించలేదండీ."

అందరూ నా వైపు తిరిగారు. నా చేతిలో సీసా ఉంది. అవునని తల ఊపాను. పెద్దాయన నా వైపు జాలిగా చూసి, అల్లుడి చెవిలో, కానీ అందరికీ వినపడేలాగే, "పాపం, పిల్లకి కూడా చెప్పి ఉంచారు," అన్నాడు.

ఆయన ఉద్దేశంలో అంతా తేలిపోయింది. నిజంగా తాగినవాడు తాగానని చాటుకోడట. పైగా పనిలో గుట్టు ఉన్నవాడు ఇలాగే ఏదో ఒకటి కల్పిస్తాడట, సబ్బునీళ్ళట, సీసాలట. ఇలాంటి మనిషి నింపిన గొట్టంలోంచి వచ్చిన డీజిలే మాకు కావాలి అన్నాడు. బాబాయి కాదండీ అన్నకొద్దీ ఆయన నవ్వుతూ భుజం తట్టాడు. ఒప్పందంలో ఒక వాక్యం రాయించాడు, గొట్టాలను ఈ మేస్త్రి ఒక్కరే, తన గదిలోనే నింపాలని. మేనేజరుగారు ఆ వాక్యం కింద సంతకం చేసేటప్పుడు పెన్ను రెండుసార్లు ఆగింది.

అల్లుడు ఫొటో తీస్తానన్నాడు. బాబాయి కాగితం ఎదురుగా పట్టుకుని నిలబడ్డాడు. అడ్డంగా ఉందని అల్లుడే దాన్ని మడిచి బాబాయి జేబులో పెట్టి, గ్లాసు ముందుకు జరిపి, కెమెరా నొక్కాడు. ఆ ఫొటో ఇప్పుడు వాళ్ళ ఆఫీసు గోడ మీద ఉందట.

అలా గది మిగిలింది. ఎర్రగీతకు కొత్త రంగు వేశారు. మేనేజరుగారు చీటీలు రాస్తూనే ఉన్నారు, బాబాయి సుత్తితో తడుతూనే ఉన్నాడు. కోరుకున్నది దక్కిన మనిషికి ఉండాల్సిన సంతోషం మాత్రం ఆయన మొహంలో నేను చూడలేదు. పోటీ గెలిచినందుకు ఆ గది ఆయనకు దక్కలేదు, చెయ్యని పనికి దక్కింది, దాన్ని చెయ్యలేదని ఎంత చెప్పినా ఎవరూ వినలేదు. ఆ సంగతి పిన్నితో ఒకసారి అన్నాడు. పిన్ని, దక్కిందిగా అంది. దక్కింది అన్నాడు.

ఇప్పటికి చాలామంది ఆయన్ని చూడటానికి ఇంటికొచ్చారు. రుచి ఎలా ఉందని అడిగారు. వాంతి కాలేదా అన్నారు. ఎన్ని గుక్కలు, పెద్ద గుక్కలా చిన్న గుక్కలా అన్నారు. మూడో గంట నమూనాలో మేడం యంత్రం ఎంత చూపించిందని ఇంతవరకూ ఒక్కరు అడగలేదు.

పది లక్షల పాళ్ళలో ఆరు పాళ్ళు చూపించింది.